ఉన్నదా? పనిచేస్తున్నదా?

యంత్రశాల గోడకు అగ్నిమాపక పరికరం వేలాడుతున్నంత మాత్రాన భద్రత సమకూరినట్లు మనం భావించము. పీడనమెంత, చివరి తనిఖీ ఏనాడు జరిగింది, దానిని వాడుట ఎందరికి తెలుసు అని అడుగుతాము. మన పిల్లలు చదివే పాఠశాలల్లో, కళాశాలల్లో మానసిక ఆరోగ్య సహాయం విషయంలోనూ ఇదే ప్రశ్న వేయవలసిన సమయం వచ్చినదని మా అభిప్రాయం.

2023లో విశాఖపట్నంలో వసతిగృహంలో ఉండి నీట్ పరీక్షకు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు విధించింది. నూరుమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సాధ్యమైనంతవరకు మార్కులనుబట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడినట్లు జాతీయ నేర గణాంకాలు చెబుతున్నవి. వారిలో 2,248 మంది విషయంలో నమోదైన కారణం పరీక్షలో వైఫల్యము.

ఉత్తర్వు వలన 'ఉన్నదా?' అనే ప్రశ్నకు సమాధానం లభిస్తుంది. 'పనిచేస్తున్నదా?' అన్నది కొలిచి చూస్తేనే తెలుస్తుంది. బీహారులోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో అట్లే కొలిచి చూసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడులలో శిక్షణ పొందిన ప్రత్యేక కార్యకర్త, మరికొన్నింటిలో ఉపాధ్యాయుడు నడిపారు. కార్యకర్త ఉన్న బడులలో వాతావరణం మెరుగుపడింది. పిల్లలలో కుంగుబాటు, తోటివారిని వేధించుట తగ్గినవి. ఉపాధ్యాయుడు నడిపిన చోట చెప్పుకోదగిన ఫలితం కనబడలేదు. కార్యక్రమం ఒక్కటే, ఫలితం వేరు. 2022లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలోనూ, ఎనిమిది వేలకు పైగా పిల్లలకు బడిలో నేర్పిన ధ్యాన పాఠాలు మామూలు పాఠాలకన్నా మిన్నగా ఉపకరించలేదు. సదుద్దేశం ఫలితానికి హామీ కాదు.

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని తెలుగు కుటుంబాలకు ఇందులో మరొక చిక్కు ఉన్నది. పిల్లల చదువు, స్నేహం హిందీలో. తల్లిదండ్రులతో మాట తెలుగులో. దుఃఖం ఏ భాషలో చెప్పుకోవాలో తెలియని వయసు అది. పైగా పదవ తరగతి కాగానే కొందరిని విశాఖకో, హైదరాబాదుకో, కోటాకో రైలెక్కిస్తాము.

కావున తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతోపాటు ఇవి కూడా అడుగుదాము. కౌన్సెలర్‌కు అదొక్కటే పనియా, లెక్కల పాఠం కూడా అప్పగించారా? ఎవరూ పంపకుండా తామై వచ్చిన పిల్లలెందరు? అడిగిన బిడ్డకు ఎన్నాళ్లకు పిలుపు వచ్చింది? చెప్పిన మాట గోప్యంగా ఉంటున్నదా? అవసరమైతే సేంద్రీలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం వంటి చోటికి పంపే ఏర్పాటున్నదా? అన్నింటికంటే ముఖ్యము, పిల్లల అభిప్రాయం అడిగారా? ఎన్ని ఉపన్యాసాలు, ఎన్ని గోడపత్రాలు అన్నది వీటికి జవాబు కాదు. పిల్లల పేర్లు మాత్రం ఎన్నడూ అడుగరాదు.

వచ్చే పిల్లల సంఖ్య పెరిగినదని బడిని నిందించనూ రాదు. కర్మాగారంలో త్రుటిలో తప్పిన ప్రమాదాల నివేదికలు పెరిగితే, కార్మికులకు చెప్పే ధైర్యం వచ్చినదని సంతోషిస్తాము. ఇదీ అంతే. ఒక్కరూ రాని బడిని గురించే ఆందోళన చెందాలి.

కేంద్రప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ లభిస్తున్నది. ఆ నంబరు పిల్లలకే కాదు, పిల్లలను గురించి బెంగపడే పెద్దలకూ ఉపయోగమే. ఇంట్లో అందరికీ కనబడేటట్లు రాసి ఉంచండి. ఫలితాలు వచ్చిన నాడు "ఎన్ని వచ్చాయి?" అనేముందు "అన్నం తిన్నావా?" అని అడగండి. ఆ మాటకు శిక్షణ అక్కరలేదు.