కూతురికి వాటా లేని ఆస్తి

పోయిన వారం మా అమ్మాయి బడి నుంచి వస్తూనే చార్టు ముందేసుకుని కూర్చుంది. 'మన నియోజకవర్గం' అని ప్రాజెక్టు ఇచ్చారట. మాది అవనిగడ్డ. ఇప్పటిదాకా ఎవరెవరు ఎమ్మెల్యేలుగా చేశారో రాసుకెళ్లాలి. నేను డిగ్రీ చదివానన్న మాటే గానీ మూడు పేర్లు చెప్పి ఆగిపోయాను. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తగారు నవ్వి, "రాసుకోవే, నేను చెప్తాను" అని మనవరాలిని దగ్గరికి పిలిచారు.

ఐదో తరగతితో చదువాపేసిన మనిషి. కానీ ఏ ఎన్నికలో ఎవరు గెలిచారో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేశారు. ఆవిడకు సంవత్సరాలు గుర్తుండవు. "మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు", "సారా మాన్పించిన ఏడు", ఇలా ఉంటాయి ఆవిడ గుర్తులు. సంవత్సరాలు నేను వెతికి పక్కన వేశాను. అలా ఇద్దరం కలిసి దివిసీమ రాజకీయ చరిత్ర రాశాం.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల నడిమి నేలే దివిసీమ. ఇప్పటి అవనిగడ్డ నియోజకవర్గంలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరుతో పాటు చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల మండలాలున్నాయి.

చల్లపల్లి అంటే జమీందారీ. ఆ జమీందారీ మీద రైతులు, కూలీలు కమ్యూనిస్టుల వెంట నడిచి ఏళ్ల తరబడి పోరాడారు. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా ఆడవాళ్లు మహిళా సంఘాలు పెట్టుకున్నారు. మోటూరి ఉదయం లాంటివాళ్లు బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. 1948 చట్టంతో జమీందారీ పోయింది. కానీ 1962 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున అవనిగడ్డ నుంచి శాసనసభకు వెళ్లింది ఎవరనుకున్నారు? చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్‌ గారే! జమీ పోయినా రాజుగారి మాట పోలేదన్నమాట.

1972లో మండలి వెంకట కృష్ణారావు గారు గెలిచారు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యామంత్రి ఆయనే. ఆ తర్వాత రెండేళ్లకు, 1977 నవంబర్ 19 శనివారం, ఉప్పెన వచ్చింది.

ఇక్కడికి వచ్చేసరికి మా అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. అప్పటికి ఆవిడ ఇంకా చిన్నదే. పుట్టిల్లు కోడూరు వైపు. నీళ్లు ఇంటెత్తున వచ్చాయట. "చెల్లెలి చెయ్యి పట్టుకునే ఉన్నానమ్మా, ఎప్పుడు జారిందో తెలీలేదు" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నేను వినడం అదే మొదలు. మగాళ్లు చెట్లెక్కారట. ఒంటికి చుట్టుకున్న చీర తడిసి బరువెక్కితే ఆడవాళ్లు అడుగు తీసి అడుగు వేయలేకపోయారట. సర్కారు లెక్కల్లోనే పోయినవాళ్లు పది వేల మంది దాకా ఉన్నారు. రామారావు, నాగేశ్వరరావు గార్లు జోలె పట్టి విరాళాలు సేకరించింది అప్పుడే.

ఆ ఉప్పెనే దివిసీమ రాజకీయాన్ని మార్చిందని మా అత్తగారి లెక్క. అంతకుముందు ఓటడగడానికి వచ్చినవాళ్లను కులమేమిటి, పార్టీ ఏమిటి అని చూసేవాళ్లు. ఆ తర్వాత, "నీళ్లొచ్చిన రోజున నువ్వెక్కడున్నావు?" అని అడగడం నేర్చుకున్నారు. బాధితుల మధ్య తిరిగిన మండలి వారిని 1978లోనూ గెలిపించారు. 1983లో రామారావు గారి గాలి వీచి తెలుగుదేశానికి రెండు వందలకు పైగా సీట్లొచ్చాయి. ఆయన సొంత జిల్లా అయినా మా అవనిగడ్డ మాత్రం మండలి వారినే నిలబెట్టుకుంది.

మా అత్తగారు మొదటిసారి ఓటేసింది ఆ ఎన్నికలోనే. అప్పట్లో ఓటు హక్కు రావాలంటే ఇరవై ఒకటి నిండాలి. "ఎవరికేశారత్తయ్యా?" అన్నాను. "మీ మామయ్య ఎవరికి వెయ్యమంటే వాళ్లకి" అన్నారు తడుముకోకుండా. "ఇంత చరిత్ర తెలిసిన మీరా?" అన్నాను. "తెలియడం వేరు, అడగడం వేరమ్మాయ్, నన్నెవరడిగారు?" అన్నారు.

1985లో గాలి మా దాకా వచ్చింది. తెలుగుదేశం నుంచి సింహాద్రి సత్యనారాయణరావు గారు 1985, 1989, 1994 ఎన్నికల్లో వరసగా మూడుసార్లు గెలిచారు. 1999లో, 2004లో మండలి వారబ్బాయి బుద్ధప్రసాద్ గారు కాంగ్రెస్ నుంచి. 2009లో తెలుగుదేశం తరఫున అంబటి బ్రాహ్మణయ్య గారు. ఆయన కన్నుమూస్తే 2013 ఉప ఎన్నికలో ఆయన కొడుకు శ్రీహరిప్రసాద్ గారు. 2014లో తెలుగుదేశం తరఫున మళ్లీ బుద్ధప్రసాద్ గారు, ఆ సభలో డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 2019లో వైకాపా నుంచి సింహాద్రి రమేష్‌బాబు గారు. 2024లో జనసేన నుంచి ముచ్చటగా మరోసారి బుద్ధప్రసాద్ గారు.

చార్టు నిండింది. మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో అన్నిటికీ గీతలు కొట్టుకుంటూ లెక్క తేల్చింది. 1972 నుంచి ఉప ఎన్నికతో కలిపి 13 ఎన్నికలు. గెలిచింది ఆరుగురు. అందులో ఏడుసార్లు తండ్రో కొడుకో, ఒకే ఇంటివారు. మరో రెండుసార్లు ఇంకో తండ్రీ కొడుకూ. "ఒక్క ఆడవాళ్ల పేరైనా లేదేంటి నానమ్మా?" అని అడిగింది. నానమ్మ నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఇళ్లవాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. జనం మెచ్చి వేసిన ఓట్లే అవి. కానీ గమనించండి. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశానికి అది 2005లో గానీ రాలేదు. పొలంలో వాటా ఇచ్చాం, ఇంట్లో వాటా ఇచ్చాం. ఇంకో ఆస్తి ఉంది, దాని పేరు నియోజకవర్గం. అది మాత్రం ఇప్పటికీ తండ్రి నుంచి కొడుక్కే పోతోంది.

ఆడవాళ్లకు రాజకీయం తెలియదంటారా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయిస్తే ఆ సెగ రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. తెచ్చినప్పుడు మన ఓట్లు కావాల్సివచ్చాయి. ఎత్తేసినప్పుడు మన మాట అక్కర్లేకపోయింది. ఎందుకంటే ఓట్లు మనవి, సీట్లు వాళ్లవి. రాష్ట్రంలో 2024 ఓటర్ల జాబితా చూస్తే మగవాళ్ల కంటే మనమే ఎక్కువమందిమి!

అవనిగడ్డలో ఉప ఎన్నిక జరిగిన మరుసటి ఏడాదే, 2014లో, అప్పటి కృష్ణా జిల్లాలోనే ఉన్న నందిగామలో తంగిరాల ప్రభాకరరావు గారు చనిపోయారు. అక్కడ టికెట్ కూతురు సౌమ్య గారికి ఇచ్చారు. గెలిచారు. 2019లో ఓడారు, 2024లో మళ్లీ నిలబడి గెలిచారు. మొదటిసారి తండ్రి పేరు గెలిపించిందనుకున్నా, ఓడిపోయిన చోటే నిలబడి మళ్లీ గెలవడానికి సొంత కష్టం ఉండాలి కదా. అవకాశమిస్తే ఆడపిల్ల నిలబెట్టుకుంటుందని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి. 2021 పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. వీధిలోవాళ్లు వచ్చి, "చదువుకున్నదానివి, కథలు రాస్తావు, నిలబడు" అన్నారు. మా వారు, "నీ ఇష్టం" అన్నారు. నేనే పిల్లల చదువులన్నాను, అత్తగారి మోకాళ్లన్నాను. నిజం చెప్పొద్దూ, భయమేసింది. పదిమందిలో నిలబడి మాట్లాడాలంటే భయం, ఏమైనా అంటారేమోనని భయం. ఇంకొకావిడ గెలిచింది. కాగితాల మీద సంతకం ఆవిడది, సమావేశంలో కుర్చీ వాళ్లాయనది. మంచినీళ్ల కుళాయి గురించి అడగాలన్నా ఆయన్నే అడగాలి. ఆ కుర్చీని చూసినప్పుడల్లా నాకు నా సాకులే గుర్తొస్తాయి.

చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకివ్వాలని 2023లో రాజ్యాంగ సవరణ చేశారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని అందులోనే రాశారు. ఏదో ఒకనాడు అవనిగడ్డ వంతూ వస్తుంది. ఆ రోజున ఎవరింటి పేరో మోసుకుని, రాత్రికి రాత్రి పట్టుచీర కట్టించి తెచ్చిన అభ్యర్థి మనకు కావాలా? లేక అప్పటికే వార్డులో, పంచాయతీలో, మండలంలో పనిచేసి పదునెక్కిన మనిషి కావాలా? రెండో రకం కావాలంటే ఇప్పట్నించే తయారవ్వాలి. గ్రామసభకు మనం వెళ్లాలి. గెలిచిన ఆడమనిషి కుర్చీలో ఆవిడే కూర్చోవాలని పట్టుబట్టాలి. ఇంటికొచ్చి ఓటడిగినవాళ్లను, "మీ పార్టీ నుంచి ఈ సీటుకు ఆడవాళ్లను ఎప్పుడైనా అనుకున్నారా?" అని గడపలోనే నిలబెట్టి అడగాలి.

మా అత్తగారు నలభై ఏళ్లకు పైగా చరిత్రంతా చూస్తూ ఉన్నా, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నన్ను అడిగారు, నేనే తప్పించుకున్నాను. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో వీధివాళ్లు మళ్లీ వస్తే మాత్రం మోకాళ్ల మాట ఎత్తను. రాకపోతే నేనే వెళ్లి అడుగుతాను. ఇంట్లో ఆ మాట చెప్పేశాను కూడా. "నామినేషన్ నాడు నేనూ వస్తా, ఆటో మాట్లాడు" అన్నారు అత్తగారు.