తాళంచెవి ఒకరిది, వ్యాధి మరొకరిది

పాఠకులారా, ఒకే తాళంచెవితో అనేక ద్వారాలు తెరుచుకునే ఏర్పాటు గురించి ఈసారి మీతో మాట్లాడదలచాను. ఇది వైద్య విషయం కాదని మీలో కొందరు అనవచ్చు. అరకు లోయలో రోగులను చూసినవాడిగా నేను ఆ మాటను అంగీకరించలేను.

గూగుల్ ఖాతా ఒక్కదానితో పది వెబ్‌సైట్లలోకి ప్రవేశించడం మీకు అలవాటే. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో ‘మేరీ పెహచాన్’ పేరిట అటువంటి ఉమ్మడి లాగిన్‌నే ప్రారంభించింది. ఆరోగ్యరంగంలో దానికి దగ్గరి బంధువు ‘ఆభా’. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా ఇది. మిషన్‌లో చేరిన ఏ వైద్యశాలలో చూపించుకున్నా నివేదికలను ఈ ఖాతాకు జతచేయవచ్చు. రోగి సమ్మతిస్తేనే మరొక వైద్యుడు వాటిని చూడగలడు.

ఈ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కారణం సికిల్ సెల్ వ్యాధి. ఆదివాసీ ప్రాంతాలలో ఈ వంశపారంపర్య వ్యాధిని ఎదుర్కొనడానికే 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారం దాల్చి సన్నని రక్తనాళాలలో చిక్కుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా, చలి ముదిరినా ఎముకలు పిండినట్లు నొప్పి. అరకు చలి కోసం పర్యాటకులు పరుగెత్తుకొస్తారు. ఈ రోగులకు అదే శత్రువు. ఇటువంటి రోగిని సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు పంపినప్పుడు అక్కడి వైద్యుడికి ఏమి తెలియాలి? మామూలు రోజుల్లో హిమోగ్లోబిన్ ఎంత, హైడ్రాక్సీయూరియా మోతాదు ఎంత, ఇదివరకు ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు, అప్పుడేమైనా వికటించిందా? 7 గ్రాములు ఆ రోగికి నిత్యస్థితి కావచ్చు. అది తెలియక కంగారుపడి రక్తం ఎక్కిస్తే మేలుకు బదులు కీడు జరిగే ప్రమాదం ఉన్నది.

అయితే ఆ తాళంచెవి ఎక్కడున్నది? ఆధార్‌తో ముడిపడిన ఫోనులో. ఒకనాడు నొప్పులతో వచ్చిన ఒక యువతి ఆధార్‌కు ఉన్న నంబరు ఆమె భర్తది. అతడు పనికై వేరే ఊరిలో ఉన్నాడు. అతని ఫోనుకు సిగ్నలు లేదు. ఆరంకెల ఓటీపీకి గడువు పది నిమిషాలు. మూడుసార్లు పంపించాము, మూడుసార్లూ గడువు దాటింది. చివరకు తెల్లకాగితం మీద కొత్త చీటీ రాసి, పరీక్షలన్నీ మొదటినుంచి చేయించాము.

నన్ను కలవరపెట్టేది ఈ ఆలస్యం కన్నా మరొకటి. భర్త ఫోనుకు ఓటీపీ పోతే, భార్య వైద్యశాలకు వచ్చిందన్న కబురూ దానితోనే పోతుంది. గర్భనిరోధక సాధనం గురించి రహస్యంగా అడగడానికి వచ్చిన స్త్రీ ఏమి చేయాలి? నలభై ఏళ్లుగా వైద్యులం కాపాడుతున్నామనుకున్న గోప్యత ఒక్క సందేశంతో పోతుంది. పైగా రీఛార్జి చేయక మూతపడిన నంబరు కొంతకాలానికి మరొకరి చేతికి వెళ్తుంది.

సమ్మతి సంగతి చూడండి. కువి లేక ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లికి ఇంగ్లీషు తెర చూపించి, పక్కనున్న ఉద్యోగి మీట నొక్కితే అది సమ్మతి అవుతుందా? శస్త్రచికిత్సకు ముందు ఆ విధంగా వేలిముద్ర తీసుకుంటే మమ్మల్ని తప్పుపట్టేవారు, న్యాయంగానే.

వేలిముద్రతో, ముఖంతో గుర్తించే మార్గాలు ఉన్నాయి. కానీ ఏళ్ల తరబడి పొలం పనులు చేసిన వేళ్లు యంత్రానికి సరిగా కనిపించవు. కనుక క్యూఆర్ గుర్తు ముద్రించిన కార్డు ప్రతి రోగి చేతిలో ఉండాలి. సమ్మతి వాక్యాలను వారి భాషలో వినిపించాలి. ఇటువంటి ఏర్పాటు సులభమా కాదా అన్నది నగరంలోని కార్యాలయంలో కాక, డుంబ్రిగుడ సంతకు వచ్చిన ముసలమ్మ చేత తెరిపించి తేల్చాలి.

ఆభా లేదన్న కారణంతో ఎవరైనా చికిత్స నిరాకరిస్తే ఊరుకోకండి, అది ఐచ్ఛికం. మీ ఇంటి స్త్రీల ఖాతాలు ఎవరి నంబరుతో ముడిపడి ఉన్నాయో ఈ రాత్రికే చూడండి. పాత కాగితాల సంచిని మాత్రం ఇప్పుడే పారవేయకండి.