సముద్రము పాలగు నీరు వృథాయా?

"గోదావరి నీరు వేలాది టి.ఎం.సీ.లు వృథాగా సముద్రము పాలగుచున్నది." ఈ వాక్యమును వినని తెలుగువాడు లేడు. వేదిక నెక్కిన ప్రతివారును దీనిని పలుకుదురు. వర్షకాలము వచ్చినంతనే పత్రికలు దీనిని అచ్చువేయును. బడిపిల్లల వ్యాసములలోనికి సైతము ఇది ప్రవేశించినది. కొంతకాలము క్రిందట మన సంఘము వంటి ఒక సంఘపు ఉత్సవమునందు ఒక వక్త ఈ మాటనే గద్గదస్వరముతో పలుకగా సభ యావత్తు కరతాళధ్వనులు చేసినది. మేమును ఆ సభయందుంటిమి. మా చేతులు మాత్రము కలియలేదు. ఏలయన, మేము గోదావరి సముద్రమును చేరబోవు చోట, యానామునందు, పుట్టి పెరిగినవారము. ఆ "వృథా" యొడ్డుననే మా యిల్లున్నది. ఆనాడు లేచి చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు. ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసినవారికి నిలువబడి మాటాడుట కంటె కూర్చుండి వ్రాయుటయే అలవాటు. కావున ఇచ్చట వ్రాయుచున్నాము.

మా వాదము చిన్నది. సముద్రమును చేరు నదీజలము వృథా కాదు. అది నది చేయు పనులలో కడపటిది. తక్కిన పనులెంత ముఖ్యములో అదియు నంత ముఖ్యము. ఆ పనిని ఎరుగకయే దానికి "వృథా" యని పేరు పెట్టుట అన్యాయము.

ముందుగా ఆ నది యెట్టిదో చూతము. నాసికు జిల్లా త్ర్యంబకమువద్ద బ్రహ్మగిరిపై గోదావరి పుట్టినది. అచ్చటికి పడమటి సముద్రము 80 కిలోమీటర్ల దూరమే. దగ్గరి సముద్రమును విడిచి, తూర్పు సముద్రము కొరకు 1,465 కిలోమీటర్లు నడచు నది యిది. 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేలపై కురిసిన వాన దీనిలోనికి చేరుచున్నది. అది భారతదేశ వైశాల్యమున ఇంచుమించు పదవ వంతు. బీడు జిల్లా బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు సీమను తాకి, మొసళ్ళకు నెలవై, కందకుర్తివద్ద కలియునది మంజీర. పెన్‌గంగ, వార్ధా, వైన్‌గంగల నీటిని మోసికొని కాళేశ్వరమువద్ద కలియునది ప్రాణహిత. కాలహండిలో పుట్టి, బస్తరులో చిత్రకూట జలపాతమై దూకి, అడవిదున్నలు నీరు త్రాగు వనముల మీదుగా వచ్చునది ఇంద్రావతి. కోరాపుటు కొండలలో కొలాబు అను పేరుతో పుట్టి కూనవరమువద్ద కలియునది శబరి. ఆపైన పాపికొండల నడుమ నది సన్నగిల్లి లోతెక్కును. ఇరుప్రక్కల పెద్దపులులు తిరుగు అడవులు. ధవళేశ్వరము దాటినంతనే గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ విడివడును. గౌతమి మా యానాము ప్రక్కగా పోవును.

చదువరులు ఈ పేర్లను మరల ఒకసారి చూతురుగాక. నాందేడు, చంద్రాపురము, సిరోంచ, బీదరు, జయపురము, కోరాపుటు ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు మన సంఘములలో నెన్ని లేవు! మీ పెరటి వాగులలో పారిన నీరు కొన్ని దినములకు మా రేవు ముందు నుండియే పోవుచున్నది. రాష్ట్రముల సరిహద్దులు మనలను వేరుచేసినను నీరు వేరుచేయలేదు. కావున నదీముఖము నాశనమగుట యానామువారి గొడవ మాత్రమే యని ఎవరును ముఖము త్రిప్పుకొనరాదు.

ఇక ఆ కడపటి పని యెట్టిదో వినుడు.

మొదటిది నేల. కోనసీమ యెచ్చటినుండి వచ్చినది? అది ఆకాశమునుండి పడలేదు. దక్కను పీఠభూమి నల్లమట్టిని, బస్తరు కొండల ఎర్రమట్టిని వరదనీరు వేలాది సంవత్సరములు మోసికొనివచ్చి సముద్రము నోట పోయగా ఏర్పడిన ఒండ్రునేల యది. అనగా, సముద్రము పాలయిన నీరే కోనసీమను కన్నది. ఆ నేలపై పండిన బియ్యము తిని, ఆ నేలపై కాచిన కొబ్బరి కొట్టుకొని, ఆ నీటినే వృథా యనుట తల్లిపాలు త్రాగి తల్లిని దండుగ యనుట వంటిది. మరియొక సంగతి: ఒండ్రునేల తనంత తాను క్రమముగా క్రుంగుచుండును. ఏటేట క్రొత్త మట్టి పడినగాని అది సముద్రము ముందు నిలువజాలదు. 1970 దశకమున గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును సముద్రమునకు తెచ్చెడిది. 1990 దశకమునకు అది 6 కోట్ల టన్నులకు లోబడినది. మిగిలినదానిలో హెచ్చుభాగము ఎగువ జలాశయముల అడుగున చిక్కుకొన్నది. తీరము కోతపడుటకు ఇతర కారణములును కలవు, కాదనము. కాని రావలసిన మట్టి రాకుండుట వానిలో ముఖ్యమైనది.

రెండవది చేప. పులస పేరు చెప్పినంతనే నోరూరని గోదావరివాడు లేడు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత మనకు తెలియును. ఆ చేప సముద్రమున నున్నంతకాలము విలస. వరదకాలమున ఎర్రనీరు సముద్రములోనికి తోసికొని పోవునపుడు, ఆ తీపినీటి జాడపట్టి గ్రుడ్లు పెట్టుటకై ఏటికెదురీది వచ్చి పులస యగును. ఎర్రనీరు సముద్రమును చేరనిచో పులసకు పిలుపే లేదు. వచ్చిన చేపకును ధవళేశ్వరమువద్ద అడ్డుకట్ట. అంతకు పైకి దారి లేదు. మా చిన్నతనమున మా తండ్రి తన చిన్న జీతముతో ఏటికి రెండు మూడు పులసలు ఇంటికి తెచ్చెడివాడు. నేడు ఒక పులస వేలకు వేలు పలుకుచున్నది. ధరను చూచి గర్వించువారున్నారు! అది గర్వకారణము కాదు. చేప కరవైనదనుటకు సాక్ష్యము. మా యానామున తూర్పుగాలి వీచు దినములలో దొరకు చీరమీను సంగతియు నిట్టిదే. చీరతో వడకట్టి పట్టునంతటి చిన్న చేపపిల్లలవి. తీపినీరు, ఉప్పునీరు కలియుచోట గాక అవి వేరెచ్చట దొరకును?

మూడవది అడవి. మా యూరికి ఉత్తరముగా కోరంగి మడ అడవులున్నవి. 1978లో ప్రభుత్వము 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించినది. మడచెట్టు ఉప్పునేలపై బ్రతుకునన్న మాట నిజమే. కాని ఉత్త ఉప్పునీటిలో అది గిడసబారును. ఏటికొకసారియైనను తీపినీరు, ఒండ్రు తగిలినగాని ఏపుగా పెరుగదు. బురదనుండి పైకి పొడుచుకొని వచ్చు వేళ్ళతో అది గాలి పీల్చును. ఆ వేళ్ళ నడుమ రొయ్యపిల్లలు, మండపీతలు పెరుగును. బురదపై గెంతు చేపలు తిరుగును. వానిని తినుటకు కొంగలు, నీటికుక్కల గుంపులు, రాత్రివేళ బావురుపిల్లి వచ్చును. పిల్లిజాతియయ్యు నీటిలో దిగి చేపను పట్టు ఈ జంతువు నేడు ప్రపంచమున అరుదైనది. కోరంగి దానికి మిగిలిన ఆశ్రయములలో నొకటి. ఎదుటనున్న హోప్ దీవి ఇసుకపై ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. ఆ దీవియు నది తెచ్చిన యిసుకయే!

అడవి జంతువులతో మనకేమి పని యనువారికి 1996 నవంబరు 6వ తేదీని గుర్తుచేయుదుము. ఆ రాత్రి తుపాను మా సీమను తాకినది. వేయిమందికి పైగా ప్రాణములు పోయినవి. తెల్లవారి మేము చూచినది చెప్పెదము: మడ యున్నచోట పడవలు చెట్లకు చిక్కి మిగిలినవి, మడ నరికిన బట్టబయలున గుడిసె జాడయైన మిగులలేదు. 1839లో ఇట్టి తుపానే కోరంగి రేవుపట్టణమును తుడిచిపెట్టినది. సముద్రమునకు, మన ఊళ్ళకు నడుమ నిలుచు గోడ యది. ఆ గోడకు కూలి యేమి? నది పోయు గుక్కెడు తీపినీరే.

నాలుగవది త్రాగునీరు. నది బలముగా పారునపుడు సముద్రపు ఉప్పును వెనుకకు నెట్టును. నది యెండినపుడు ఉప్పు పైకి ఎగబ్రాకును. వేసవిలో ధవళేశ్వరము దిగువకు నీరు రాని దినములలో మా గౌతమి నీటిని నోట పోసికొనజాలము. ఎదుట ఏరు నిండుగా నుండును; గ్రుక్క దిగదు. ఈ బాధ వక్తగారికి తెలియునా?

ఎదుటివారి మాటను గూడ న్యాయముగా వినవలెను. "అనంతపురము రైతు బిందె నీటికై అల్లాడుచుండగా మీరు పీతల కొరకు నీరు వదలుమందురా?" అని వారడుగుదురు. ఇది బలమైన ప్రశ్న. మేము ఆనకట్టలకు విరోధులము కాము. 1847 నుండి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టుటకు ముందు ఈ డెల్టా కరవులతో, వరదలతో తల్లడిల్లినది. ఆ కాలువల అన్నమే మేమును తింటిమి. మెట్టసీమ రైతునకు నీరు పోవలెను, పోవుగాక. కాని పంపకము వేరు, "వృథా" యనుట వేరు. అన్నదమ్ముల పంపకమున ఒకని వాటా తగ్గింపవచ్చును. ఆ తమ్ముడు పుట్టనేలేదని వ్రాయరాదు. 1980లో బచావత్ న్యాయమండలి గోదావరి జలములను అయిదు రాష్ట్రములకు పంచినది. యానాము ఆ అయిదింటిలో లేదు. మడ అడవికి, పులసకు వకీలెవ్వరును లేరు. వాదించువారు లేనంతమాత్రమున వారికి వాటా లేదనుట ధర్మమగునా?

"మేము వరదనీటినే పట్టుదుము, దానివలన నష్టమేమి?" అందురు మరికొందరు. గోదావరి నీటిలో చాలభాగము వర్షకాలపు నాలుగు నెలలలోనే వచ్చును. ఒండ్రును మోయునది వరదయే. పులసను పిలుచునది వరదయే. ఉప్పును కడుగునది వరదయే. మిగిలిన ఎనిమిది నెలలలో నదీముఖమునకు చేరునది అంతంతమాత్రము. వరదయును పోయినచో ఇక చేరునదేమి? 1986 ఆగస్టున ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైబడి నీరు పారగా, మేము ఇల్లు విడిచి మిట్టకు చేరితిమి. వరద కష్టమెట్టిదో మాకొకరు చెప్పనక్కరలేదు. అయినను వరద దొంగ కాదు. మట్టి తెచ్చి యిచ్చు చుట్టము.

మేము జీవితమంతయు పద్దులు వ్రాసినవారము. కచేరీలో ఖర్చు పద్దును చూచి "ఇది నష్టము" అను గుమాస్తా ఒక దినమైన నిలువడు. దేనికి ఖర్చయ్యెనో చూచిన పిమ్మటనే మాట. గోదావరి ఖాతాలో "సముద్రము" అను పద్దు క్రింద చూడుడు: నేల, చేప, అడవి, త్రాగునీరు అని నాలుగు వస్తువులు జమయైనవి. వానిని కొట్టివేసి మొత్తమును వృథా యని చూపుట తప్పుడు లెక్క.

మన పూర్వులు ఈ లెక్కను సరిగానే వ్రాసిరి. ఏడుగురు ఋషులు గోదావరిని ఏడు పాయలుగా సముద్రమునకు కొనిపోయిరని చెప్పిరి. చొల్లంగి అమావాస్యనాడు మొదలిడి అంతర్వేది ఏకాదశి వరకు ఏడు సంగమములందును స్నానమాడు సప్తసాగరయాత్రను నియమించిరి. నది సముద్రమున కలియుట వారికి పుణ్యముహూర్తము. అదే మనకు నష్టపు పద్దైనది! 2015 పుష్కరములందు లక్షలాదిగా మునిగితిమి. మునిగి, పూలదండలను, ప్లాస్టికు సంచులను నదిలోనే విడిచితిమి. అవియన్నియు ఏరు దిగి మా మడవేళ్ళకు చుట్టుకొనెను. గోదావరి తల్లీ యని పాడుదుము. తల్లి కాళ్ళు సముద్రమును తాకగూడదందుము.

తప్పు పైవారిదే యనుట న్యాయము కాదు. మడను నరికి రొయ్యలచెరువులు త్రవ్వినవారు ఎగువవారు కారు. మా సీమవారే, మా చుట్టములే. ఆ చెరువుల గట్లపై విందులు కుడిచినవారిలో మేమును ఉంటిమి. నోరు మెదపని పాపము మాది.

సోదరులారా! తమిళదేశమందలి మనవారు కావేరి చివర పిచ్చావరమును, ముత్తుపేటను చూడుడు. ఓఢ్రదేశమందలి మనవారు బ్రాహ్మణీ వైతరణుల చివర, ఉప్పునీటి మొసళ్ళకు ఇల్లయిన భితరకనికను చూడుడు. ప్రతి నదికిని ఇట్టి గడప యొకటి కలదు. మేము కోరునది మూడు మాటలు. ఏ ప్రాజెక్టు లెక్క వేసినను నదీముఖమునకు నెలనెలకు ఇంత యని ఒక వాటా వ్రాయవలెను. మిగిలిన మడలో మరియొక చెరువు త్రవ్వరాదు. మన సంఘ వేదికలపై "వృథాగా సముద్రము పాలు" అను మాట ఇకమీద వినబడరాదు. మొదటి రెండును ప్రభుత్వముల చేతిలోనివి. మూడవది మన నోటిలోనిది. దానికి ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. రాబోవు ఉత్సవమున ఏ వక్తయైన ఆ మాట పలికినచో, ఈసారి మేము లేచి నిలుచుందుము. మీరును మాతో లేతురని నమ్ముచున్నాము.