పని ఆగితే తప్పు మేస్త్రిదేనా?

"మేస్త్రీలంతా దొంగలండీ. నాలుగు కెమెరాలు పెట్టించాను, డాలస్‌లో కూర్చునే ఇల్లు కట్టించేస్తున్నాను." ఈమధ్య విజయవాడలో ఒక పెళ్లి భోజనాల దగ్గర వినిపించిన మాట ఇది. పక్కనున్నవాళ్లంతా తలలూపారు. విదేశాల్లో ఉండి సొంతూళ్లో ఇల్లు కట్టుకునే చాలామంది నమ్మకమూ ఇదే. పచ్చి అన్యాయమైన నమ్మకం.

కూలీలు నీడన కూర్చోవడం కెమెరాలో కనిపిస్తుంది. ఇసుక లారీ రాక కూర్చున్నారని కనిపించదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క నెలల తరబడి పనులు ఆగిపోయాయి. సెప్టెంబరులో కొత్త ఇసుక విధానం వచ్చినా, కృష్ణా, గోదావరి వరదలకు ఇసుక తవ్వే రీచ్‌లు మునిగాయి. పస్తులున్నది భవన నిర్మాణ కార్మికులు. ఫోన్లో తిట్లు తిన్నది మేస్త్రీలు.

వచ్చిన ఇసుకైనా మంచిదో కాదో తెర చెప్పలేదు. గుప్పెడు తీసి అరచేతుల మధ్య నలిపితే మట్టి అంటుతుందో లేదో అక్కడున్న మనిషికే తెలుస్తుంది. చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బి, పొడి ఇసుక కంటే పావు వంతు దాకా ఎక్కువ కొలత చూపిస్తుంది. ట్రాక్టరు లెక్కన కొనేవాడికి అది నష్టమే. 12 ఎంఎం రాడ్డు మీటరుకు 0.89 కిలోలు తూగాలి. అది కాటా మీద తేలాల్సిన లెక్క, వాట్సాప్ ఫొటోలో తేలదు.

మరి ఇవన్నీ ఎవరు చూడాలి? "నాన్న చూసుకుంటాడు." అసలు కోపం రావలసింది ఈ మాటకు. డెబ్బై ఏళ్ల పెద్దాయన అర్ధరాత్రి వచ్చిన లోడు దింపించుకోవాలి. తెల్లారగానే నిచ్చెనెక్కి, శ్లాబు మీద కట్టిన మడుల్లో నీళ్లు ఇంకిపోయాయేమో చూడాలి. సిమెంటు కొట్టాయన బాకీ అడిగితే తల దించుకోవాలి; రోజూ బజార్లో ఎదురుపడే మనిషాయె. డబ్బు మాత్రం పెద్దాయన చేతిలో ఉండదు. బాత్‌రూమ్ టైల్స్ రంగు సైతం ఆయన తేల్చడానికి వీల్లేదు. మేస్త్రి పొద్దున పదకొండింటికి అడిగితే డాలస్‌లో అర్ధరాత్రి. కొడుకు నిద్రలేచి జవాబిచ్చేసరికి కూలీలు ఇంకో పనికి వెళ్లిపోతారు, మళ్లీ వారం దాకా దొరకరు. ఆ వారం ఎవరి ఖాతాలో రాయాలి?

ఇక సరుకు ఆలస్యం సంగతి. మోసం చేసే సప్లయర్లు ఉన్నారు, నిజమే. కానీ పాత బాకీ తీర్చనివాళ్లకు లోడు ఆఖరున పంపడాన్ని మోసమనలేం.

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించి, విమానం టికెట్లు కొనేసి, పనిని తరమడం మరో జాడ్యం. మామూలు సిమెంటుతో వేసిన శ్లాబును కనీసం 7 రోజులు, పోజొలానా సిమెంటు(పీపీసీ)తో వేసినదాన్ని 10 రోజులు తడి ఆరనివ్వకూడదని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. ముహూర్తం దగ్గరపడిందని ఆ రోజులు తగ్గవు.

ఊళ్లో లేని యజమానులారా, జీతమిచ్చి ఒక సైటు ఇంజినీరునో, అనుభవమున్న సూపర్‌వైజరునో పెట్టుకోండి. రెండు లోడ్లకు సరిపడా డబ్బు, చిన్నాచితకా నిర్ణయాలు అతనికి వదిలేయండి. నాన్నను ఆ ఎండలోంచి ఇంటికి పంపండి.