పూవు కింద పేరు

సోమశిలకు కెమెరాతో వచ్చేవాళ్లు ఎక్కువగా కృష్ణ నీళ్లను, నల్లమల కొండలను, నడుమ పడవను తీసుకుని తిరిగిపోతారు. ఆ కొండల్లోనే మోదుగు ఉంది. శివరాత్రి దాటేసరికి ఆకు రాల్చి ఒళ్లంతా పూస్తుంది. చెట్టును వదిలి కొమ్మకు, కొమ్మను వదిలి ఒక్క పూవుకు దగ్గరవుతూ పోతే చివరికి చెట్టూ ఉండదు, పూవూ ఉండదు. నల్లని నూగు గిన్నె, దాని అంచు దాటి వంగిన నారింజ రేకు మిగులుతాయి. మాక్రో లెన్స్ అంత దగ్గరికి వెళ్లినప్పుడు ఫోకస్ నిలిచే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే. నీటి మీది గాలికి కొమ్మ ఊగితే ఆ వంపు చెదిరిపోతుంది. పొద్దుటి ఏటవాలు వెలుతురులో నూగు పోగు పోగుగా లేస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే రేకు ఒట్టి రంగు మరక. నల్లమద్ది బెరడును చట్రం నిండా నింపితే, వేసవిలో శ్రీశైలం రిజర్వాయరు తగ్గాక బయటపడి పగిలిన రేగడి నేల అనుకుంటాం.

ఇంత దగ్గరగా తీసిన ఫొటో నైరూప్య కళే. మా పేచీ అంతా ఆ బొమ్మల కింద కనిపించే ‘అన్‌టైటిల్డ్’ అన్న మాటతోనే. పేరు చెబితే చూపు ఇరుకవుతుందని కొందరు ఫొటోగ్రాఫర్లు వాదిస్తారు. ఈ కళ చరిత్ర ఆ వాదాన్ని బలపరచదు. 1843లో అన్నా అట్కిన్స్ కెమెరా లేకుండానే నాచుమొక్కలను కాగితం మీద పరిచి, ఎండలో నీలిముద్రలు తీసింది. మొక్క పేరునూ అదే నీలంలో ముద్రించింది. బెర్లిన్‌లో కళావిద్యార్థులకు పాఠాలు చెప్పిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ 1928లో 120 చిత్రాలతో పుస్తకం తెచ్చాడు. అందులోని చిగుళ్లు ఇనుప కమ్మీల్లా, గోపుర శిఖరాల్లా కనిపిస్తాయి. అయినా ఏ మొక్కో, ఎన్ని రెట్లు పెంచిందో చెప్పడం అతను మానలేదు. చూసేవాళ్ల ఆశ్చర్యం అందువల్ల తగ్గిందా? ఇది ఫలానా మొక్క అని తెలిశాకే రెట్టింపవుతుంది.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. బతుకమ్మ పేర్చే పాలమూరు ఆడపడుచు గునుగు కొసలకు రంగులద్ది, తంగేడును వరసలు తిప్పి, తాంబాళంలో పూలను వలయాలుగా మారుస్తుంది. పేర్చాక కంటికి వలయాలే ఆనుతాయి. కానీ ఏ పూవు ఏ చెలకగట్టున దొరికిందో ఆమెకు తెలుసు.

పేరు చెప్పాలన్న ఈ మాటను సోమశిల దగ్గర మరింత గట్టిగా అనాలి. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఇక్కడి పాత ఊళ్లు, పొలాలు మునిగాయి. గుళ్లను విప్పి, రాళ్లను తరలించి, మెట్టన మళ్లీ కట్టారు. ఒడ్డు చెట్లను అలా విప్పి కట్టే వీల్లేదు. ఏటా నీరు పెరిగి తరిగే ఈ అంచున ఏ మొక్క నిలిచిందో, ఏది మాయమైందో రేపు చెప్పగలిగే సాక్ష్యాల్లో ఫొటో ఒకటి. పేరూ చోటూ లేకపోతే ఆ సాక్ష్యం సగమే.

కనుక ఈ సంచిక నుంచి మా పేజీల్లో వేసే ప్రతి మొక్క చిత్రం కింద మూడు సంగతులు ఉంటాయి: ఊరివాళ్లు పిలిచే పేరు, తీసిన చోటు, తీసిన నెల. ఊరి పేరు తెలియని ఫొటోగ్రాఫరు ఆ గట్టున మేకలు కాసే మనిషిని అడిగి రాయాలి.