వ్యాధి పేరు తేలినగాని దారి తెలియదు

చెవితమ్మె క్రింద, దవడ మూలయందు నొప్పిలేని చిన్న గడ్డ పొడసూపినప్పుడు దానిని గవదబిళ్ళయని తలచి పట్టువేసికొని, పంటివాపని యెంచి మాత్రలు మ్రింగి నెలలు గడపినవారు, ఒకనాటి యుదయమున ముఖము కడుగుకొనుచు ఆ వైపు కన్ను మూతపడకుండుటయు, పుక్కిలించిన నీరు పెదవి కొసనుండి జారిపోవుటయు గమనించి ఆసుపత్రికి పరుగెత్తుదురు. ముఖమును కదలించు నాడి చెవి ముందరి లాలాజల గ్రంథిగుండ పోవుచున్నందున, ఆ నాడిని గడ్డ ఆక్రమించినదనుటకు అది గుర్తు. లాలాజల గ్రంథుల కాన్సర్ అరుదైన వ్యాధి. తల, మెడ భాగములందు పుట్టు కాన్సర్లలో దాని వంతు మిక్కిలి స్వల్పము. రోగులు కొలదిమంది యగుటచే క్రొత్త మందులను రోగులపై పరీక్షించు పెద్ద పరీక్షలు నడచుట కష్టము. పరీక్షలు లేనందున నిశ్చితమైన మందులు తక్కువ. కావున శస్త్రచికిత్సకును రేడియేషనుకును లొంగక వ్యాధి ప్రాకినప్పుడు అట్టి పరీక్ష, అనగా క్లినికల్ ట్రయల్, ఈ రోగికి మొదటినుండియు తలపులో నుంచుకొనదగిన మార్గమగుచున్నది. ఆ మార్గమును వెదకు భారమును రోగి భుజములపై మోపుట అన్యాయమనియు, అది రోగనిర్ణయము చేసిన ఆసుపత్రియొక్క విధియనియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ కాన్సర్ ఒక్కటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణమున దీనికి ఇరువదికి పైగా రకములు గలవు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా యనునది నాడులవెంట మెల్లమెల్లగా ప్రాకి, శస్త్రచికిత్స జరిగిన పదేండ్లకైనను ఊపిరితిత్తులలో తేలవచ్చును. లాలాజల నాళమున పుట్టు కార్సినోమా వేగముగా విజృంభించును, దాని గడ్డలలో పెక్కింటియందు పురుష హార్మోనును గ్రహించు గుణమును, కొన్నింటియందు హెర్-2 అను ప్రోటీను ఆధిక్యమును కనబడును. చెక్ దేశపు శాస్త్రవేత్త అలేనా స్కాలోవాయు, ఆమె సహచరులును 2010లో మరియొక రకమును వేరుచేసి చూపిరి. ఇ.టి.వి.6, ఎన్.టి.ఆర్.కె.3 అను రెండు జన్యువులు అతుకుకొనుటచే పుట్టు ఆ గడ్డను నేడు సెక్రీటరీ కార్సినోమా యందురు. అంతకుపూర్వము అట్టి గడ్డలలో పెక్కు ఏసినిక్ సెల్ కార్సినోమా యను పేరుతో ఫైళ్ళలో నిలిచిపోయినవి.

పేరు మారినంత మాత్రమున రోగికేమి లాభమని యడుగువారికి 2018వ సంవత్సరము సమాధానము చెప్పినది. ఎన్.టి.ఆర్.కె. జన్యువులు అతుకుకొన్న గడ్డ ఏ యవయవమునందున్నను సరే, ఆ రోగులకు లారోట్రెక్టినిబ్ అను మందునిచ్చి చూచిన పరీక్షల ఫలితములు ఆ యేడు వెలువడినవి. అందు 55 మంది రోగులు, 17 రకముల కాన్సర్లు. వారిలో 12 మంది లాలాజల గ్రంథుల కాన్సర్ గలవారు. నూటికి 75 మందిలో గడ్డలు గణనీయముగా కుంచించుకొనిపోగా, ఆ నవంబరులోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు నామోదించినది. లాలాజల గ్రంథియను పేరుతో మాత్రమే వెదకినవానికి అట్టి పరీక్షల జాడ చిక్కకపోవచ్చును, ఏలయన వానికి ద్వారము అవయవము కాదు, జన్యువు. ఫైలులో పాత పేరే యున్నవాడు ఆ ద్వారము ముందునుండియే నడచిపోయినను దానిని గుర్తింపజాలడు.

ఆ జన్యువును చదువుటకు మూలమైన వస్తువు బయాప్సీ ముక్కను పొదివియుంచిన మైనపు బిళ్ళ. ‘బ్లాకు’ అని లాబొరేటరీవారు పిలుచు ఆ బిళ్ళ రెండువ్రేళ్ళ నడుమ నిముడునంతది. అంచున పెన్సిలుతో వ్రాసిన సంఖ్య, తెల్లని మైనములో గోరంత కండ. దానిని భద్రపరచి, అనుభవజ్ఞుడైన మరియొక పాథాలజిస్టుచే చదివించి, తగిన జన్యు పరీక్షలు చేయించుటయే ట్రయల్ అన్వేషణమునకు తొలిమెట్టు. రిపోర్టు కాగితముతోపాటు బ్లాకులును స్లైడులును అడుగవచ్చునని మన రోగులలో ఎందరికి తెలియును?

రెండవ మెట్టు రిజిస్ట్రీ. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున 2007లో మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆరంభమైనది. 2009 నుండి అందు నమోదు తప్పనిసరి యైనది. పరీక్ష ఏ దశలోనున్నది, ఎవరు అర్హులు, ఏ యూర జరుగుచున్నది, ఏ వైద్యుని సంప్రదింపవలెను అను వివరములు ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. కాని అవి ఆంగ్లమున నున్నవి; శ్రీకాకుళపు జీడితోట కూలికిని, పాలమూరు మేస్త్రికిని ఆ ద్వారము తెరచియుండియు మూసినట్లే. మరియు అర్హతా నియమములు సూక్ష్మములు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా మందకొడిగా పెరుగునది గనుక, మందు పనిచేసినదో వ్యాధియే నిదురించినదో తేలుటకై, గత 6 లేక 12 నెలలలో గడ్డ పెరిగినదని స్కానులతో నిరూపింపుమని పెక్కు పరీక్షలు కోరును. ఉక్కకు ఒకదానికొకటి అంటుకొనిపోయెనని ఇంటివారు పారవైచిన పాత స్కాను ఫిల్ములే ఆనాడు ప్రవేశపత్రములగును.

ట్రయల్ అనగానే మనుష్యులను ఎలుకలవలె వాడుకొందురను భయము మనవారిలో గలదు; అది నిరాధారము కాదు. 2009లో ఖమ్మము జిల్లా గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా నిచ్చినప్పుడు, తల్లిదండ్రులకు మారుగా వార్డెన్లును ప్రధానోపాధ్యాయులును అంగీకార పత్రములపై సంతకములు చేసిన వైనమును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము తీవ్రముగా నధిక్షేపించినది. ఆ గాయమును మరువరాదు. కాని దానినుండి నేర్వవలసినది పరీక్షలను వెలివేయుట కాదు, అంగీకారమును నిజమొనర్చుట. 2019 నాటి నూతన ఔషధముల, క్లినికల్ ట్రయల్స్ నియమముల ననుసరించి రోగికి అర్థమగు భాషలో పత్రముండవలెను. చదువురానివారికి నిష్పక్షపాతియైన సాక్షి యుండవలెను. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత వైద్యమును నష్టపరిహారమును లభింపవలెను. రోగి యెప్పుడైనను తప్పుకొనవచ్చును. తొలిదశ పరీక్షలు ముఖ్యముగా మోతాదును, భద్రతను తెలిసికొనుటకే గాన, చేరినవానికి మేలు కలిగితీరునని చెప్పరాదు. ఈ మాట ముందుగా, కన్నులలోనికి చూచి చెప్పు వైద్యుడే నమ్మదగినవాడు.

ఇక విధి మాట. ఇట్టి యరుదైన వ్యాధుల బయాప్సీలను రెండవసారి చదివించు ఏర్పాటు జిల్లా స్థాయివరకు రావలెను. 2012లో టాటా మెమోరియల్ ఆసుపత్రి చొరవతో ఏర్పడిన, కాన్సర్ ఆసుపత్రుల కూటమియైన నేషనల్ కాన్సర్ గ్రిడ్ వంటి వ్యవస్థ అందుకు సిద్ధముగ నున్నది. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రియందును, విశాఖ హోమీ భాభా ఆసుపత్రియందును ట్రయల్స్ వెదకి తెలుగున చెప్పుటకే నియమితుడైన యుద్యోగి యొక్కడుండవలెను. జన్యు పరీక్షల ఖర్చును ఆరోగ్యశ్రీ వంటి పథకములు పూర్తిగా భరింపవలెను. ముంబయికో ఢిల్లీకో పోవలసిన రోగికిని తోడువానికిని రైలు ఛార్జీలు, బస చూపవలెను, ఏలయన కూలి మానుకొని పదిమార్లు పోయిరాలేకయే ట్రయల్ విడచువారుందురు.

ఇవన్నియు ఒకనాట జరుగునవి కావు. రేపటినుండియే జరుగదగినది యొకటి గలదు: బయాప్సీ రిపోర్టు చేతికిచ్చు దినమున, ఇది యే రకము, ఏ జన్యు పరీక్షలు చేసితిమి, ఏవి మిగిలినవి, నేడు ఈ రకమునకు తెరచియున్న ట్రయల్ ఎచ్చట గలదు అని దాని యడుగున తెలుగున మూడు పంక్తులు వ్రాసి, చదివి వినిపించుట. మూతపడని కంటికి గుడ్డ నద్దుకొనుచు వైద్యుని గది ముందు బల్లపై కూర్చున్న మనుష్యునికి ఆ మూడు పంక్తులు మనము ఋణపడియున్నాము.