షాఫ్ట్ బండికి మెయింటెనెన్స్ లేదంటే నమ్మకండి



ఈ రెండు మూడేళ్లలో మన క్యాంపుల ముందర పాత షాఫ్ట్ బండ్లు ఎక్కువైనయి. యమహా విరాగో, డ్రాగ్‌స్టార్, హోండా షాడో, సుజుకి బౌలెవార్డ్, కొంచెం పైసలున్న ఫోర్‌మన్‌లైతే గోల్డ్‌వింగ్. అమ్మేటోడు ప్రతిసారి ఒకటే మాట చెప్తడు: "చైన్ లేదు, మెయింటెనెన్స్ లేదు, పెట్రోల్ పోసుడు, తిరుగుడు." ఈ మాట మీదనే మాకు పేచీ. చైన్ లేదన్నది నిజం. మెయింటెనెన్స్ లేదన్నది అబద్ధం. చైన్ అరిగితే కళ్ల ముందు కనపడ్తది, వేలాడ్తది, చప్పుడు చేస్తది. షాఫ్ట్ బండిలో అరిగేది వెనక చక్రం లోపల దాక్కొని ఉంటది. విప్పి చూసినోడికే తెలుస్తది, చూడనోడికి రోడ్డు మీద తెలుస్తది.

మేమంటే ఎవరో పెద్ద ఇంజినీర్లం కాదు. పదో తరగతి చదివి వచ్చి, హెల్పర్‌గ మొదలుపెట్టి, ఇప్పుడు సైట్ మీద సూపర్‌వైజర్ పని చేస్తున్నం. మా రూమ్‌లో ప్లాంట్ సెక్షన్ మెకానిక్ ఒకాయన, క్రేన్ కింద రిగ్గర్ ఒకాయన ఉన్నరు. సెలవు రోజు మనోళ్ల బండ్లు విప్పుడు మాకు అలవాటు. అట్ల విప్పి చూసిన దాన్ని బట్టే ఈ ముచ్చట రాస్తున్నం.

ముందు స్ప్లైన్ అంటే ఏందో చెప్పాలె. మన ఊళ్లల్ల ట్రాక్టర్ వెనక రోటవేటర్‌కు పెట్టే పీటీవో షాఫ్టు అందరూ చూసే ఉంటరు. దాని మీద నిలువు గాట్లు ఉంటయి, మామూలుగ 6 పళ్లు. రోటవేటర్ షాఫ్టు లోపల దానికి సరిపోయే గాట్లు ఉంటయి. ఒకదాంట్లో ఒకటి జారి కూసుంటది, తిప్పితే రెండూ కలిసి తిరుగుతయి. అదే స్ప్లైన్. బండిలో పళ్లు చిన్నగ, ఎక్కువ ఉంటయి, అంతే తేడా. ఇంజన్ బలం గేర్‌బాక్స్ నుంచి షాఫ్టుకు, షాఫ్టు నుంచి వెనకున్న ఫైనల్ డ్రైవ్ డబ్బాకు, అక్కడి నుంచి చక్రానికి పోవాలె. జపాన్ బండ్లల్ల ఎక్కువ వాటికి చక్రానికి బిగించిన ఫ్లాంజ్ పళ్లు, ఫైనల్ డ్రైవ్ పళ్లు ఒకదాంట్లో ఒకటి కూసుంటయి. ఫైనల్ డ్రైవ్ లోపలి గేర్లు నూనెల మునిగి ఉంటయి, వాటికి ఏం కాదు. చక్రం వైపు పళ్లకు నూనె అందదు. పెట్టిన గ్రీసే దిక్కు. ఆ గ్రీసు ఎప్పుడు పెట్టిన్రో, అసలు పెట్టిన్రో లేదో చెప్పేటోడు లేడు. బండి జపాన్‌ల ఒకడు, అమెరికాల ఇంకొకడు నడిపి ఇక్కడికి వచ్చింది. ఇక్కడి ఎండ, ఇసుక, ప్రెషర్ వాషర్‌తో కడుగుడు, ఇవన్ని కలిస్తే గ్రీసు ఎన్ని రోజులుంటది?

ఇగ చూసే పద్ధతి. బండిని సెంటర్ స్టాండ్ మీదనో జాకీ మీదనో లేపి, ఇంజన్ ఆపి, గేర్ వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకు వెనక్కు ఆడించి చూస్తరు చాలామంది. మంచిదే, గానీ దాంతోనే తీర్పు చెప్పొద్దు. ఆ ఆటలో యూనివర్సల్ జాయింట్ లూజు, గేర్ల మధ్య ఉండాల్సిన సందు, చక్రంలోని రబ్బరు డ్యాంపర్ల మెత్తదనం అన్ని కలిసి ఉంటయి. కొత్త బండి కూడా కొంచెం ఆడ్తది. మరోవైపు రబ్బర్లు బిర్రుగ ఉండి, పైన ఎవడో కొత్తగ గ్రీసు దట్టిస్తే, అరిగిన పళ్లు కూడా చేతికి మంచిగనే అనిపిస్తయి. థ్రాటిల్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు 'టక్' అనే చప్పుడు సంగతి కూడా అంతే. అది వస్తే అనుమానించాలె. రాకపోతే బాగున్నట్టు కాదు.

అందుకే చక్రం ఊడదీయాల్సిందే. యాక్సిల్ లాగితే చక్రం పక్కకు జరిగి బయటికొస్తది. గుడ్డతో తుడిచే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. పళ్ల మధ్యన ఉన్న మడ్డి నల్లగ, జిడ్డుగ ఉంటే ఆ బండికి ఎవరో ఒకరు సేవ చేసిన్రు. ఇటుక పొడి లెక్క ఎర్రగ, పొడిపొడిగ ఉంటే పళ్లు ఎండకపోయి ఇనుము ఇనుమును తింటున్నది. ఆ ఎర్ర పొడి గ్రీసు కాదు, పళ్లల్ల నుంచి రాలిన ఇనుమే తుప్పయి పొడి అయ్యింది. ఈ ఒక్క గుర్తు చాలు, అమ్మేటోడు చెప్పే కథలన్ని పక్కన పెట్టొచ్చు.

తర్వాత బ్రేక్ క్లీనర్, పాత టూత్ బ్రష్ పట్టుకొని పళ్లు తెల్లగ అయ్యేదాకా కడగాలె. ఫైనల్ డ్రైవ్ సీల్ మీద నేరుగ కొట్టకండి. కడిగినంక టార్చి వేసి పంటి తల చూడాలె. మంచి పన్ను తల చదునుగ, గోడ మీది కోపింగ్ లెక్క వెడల్పుగ ఉంటది. అరుగుతుంటే ఆ వెడల్పు తగ్గుకుంట పోయి చివరికి రంపం పన్ను తీరు పదునుగ అయితది. బలం పడేది ఎక్కువగ ఒక్క వైపే కాబట్టి ఆ వైపు గుంట పడి పన్ను ఒక పక్కకు వంగినట్టు కనపడ్తది. ఇంకో గుర్తు ఉన్నది, మా మెకానిక్ దీన్నే ఎక్కువ నమ్ముతడు. పళ్లు మొత్తం పొడవునా ఒకదాంట్లో ఒకటి కూసోవు, కొస దగ్గర కొంచెం భాగం తాకకుండ మిగులుతది. ఆ మిగిలిన చోట పన్ను పుట్టినప్పటి ఆకారంలోనే ఉంటది. అరిగిన చోటి నుంచి ఆ కొసకు గోరు పెట్టి లాగండి. గోరు మెట్టు తట్టుకొని ఆగిందంటే అరుగుడు బాగనే ఉన్నట్టు. కన్ను సరిగ ఆనకపోతే మెత్తటి సబ్బు బిళ్ల మీద పళ్లు ఒత్తి అచ్చు తియ్యండి, సందేహం ఉండదు.

లోపలి పళ్లు కూడా చూడాలె. చాలామంది ఫ్లాంజ్ చూసి, ఫైనల్ డ్రైవ్ వైపు టార్చి వెయ్యరు. అరుగుడు ఎప్పుడూ ఇద్దరి మధ్యనే జరుగుతది.

మరి ఎప్పుడు మార్చాలె? బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో కొలత ఇస్తే ఆ కొలతే ఆఖరు మాట. కొలత లేని చోట మేము పెట్టుకున్న లెక్క ఒకటే. కొసన మిగిలిన మంచి పంటితో పోలిస్తే అరిగిన చోట తల వెడల్పు సగానికి వచ్చిందంటే మార్చుడే. పదునెక్కిందంటే ఆ బండి ఇంటిదాకా కూడా నడపొద్దు. కొందరికి ఇది మరీ ముందుగ అనిపిస్తది, "సగం ఇంకా ఉన్నది కదా" అంటరు. ఉన్నది సగమే, గానీ ఆ సగం మొదటి సగం లెక్క బతకదు. ఇటువంటి పళ్లకు పైపైన గట్టి పొర ఉంటది, మన కమ్మరి కొడవలిని ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచి గట్టి చేసినట్టు. ఆ పొర పోయినంక లోపలున్నది మెత్తటి ఇనుము. మొదటి సగం అరగడానికి పదేళ్లు పడితే రెండో సగానికి పది నెలలు కూడా పట్టకపోవచ్చు.

మా పక్క బ్లాకులో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు చిట్టి ఎత్తి ఆ పైసలతో 535 సీసీ విరాగో కొన్నడు. మేము చూసేనాటికే కొనుడు అయిపోయింది. అమ్మినాయన చెప్పిన ధైర్యం రెండు మాటలు. ఒకటి, మీటర్ 30 వేలే తిరిగింది అని. ఆ బండి అమెరికా నుంచి వచ్చింది, మీటర్ మైళ్లల్ల ఉన్నది. 30 వేల మైళ్లంటే 48 వేల కిలోమీటర్లు దాటినట్టు. రెండు, మొన్ననే పాసింగ్ అయ్యింది, ముల్కియా కొత్తది అని. పాసింగ్‌లో లైట్లు, బ్రేకులు, టైర్లు చూస్తరు. చక్రం ఊడదీసి పళ్లు చూడరు, అది వాళ్ల పని కూడా కాదు. జులైలో అల్ ధైద్ రోడ్డు మీద పోతుంటే ఇంజన్ ఒక్కసారి గట్టిగ అరిచింది, బండి మాత్రం ముందుకు పోతలేదు. పళ్లు మొత్తం గుండుగ అయిపోయినయి. వాడు ఉన్నది నడి లేన్‌ల, వెనక ట్రైలర్. పక్కకు ఎట్ల తెచ్చిండో వాడికే తెల్వదు. అది పొద్దు నడినెత్తి మీదున్న టైము. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దని ఇక్కడ రూల్ ఉన్నది, మనందరికీ తెలుసు. రోడ్డు పక్క చెడిపోయిన బండి కాడ నిలబడ్డోడికి ఆ రూల్ ఏం చేస్తది? ఒక బెంగాలీ పికప్ డ్రైవర్ ఆగి బండితో సహా ఎక్కించుకొని తెచ్చిండు. బండి కొన్న రేటులో మూడో వంతు దాని బాగుకే పోయింది. చిట్టి కిస్తులు ఇంకా కట్టుతనే ఉన్నడు.

మనోళ్లతో మాకు వచ్చే పంచాయితీ ఎప్పుడూ ఇదే: "మంచిగ నడుస్తున్న బండిని ఎందుకు విప్పాలె?" ఇదే మనిషి సైట్ మీద ఎట్ల ఉంటడో చూడండి. లిఫ్టింగ్ స్లింగులకు మూడు నెలలకొకసారి ఇన్‌స్పెక్షన్, కొత్త రంగు. ఈ మూడు నెలల రంగు లేని స్లింగును మా రిగ్గర్ ముట్టడు. "తెగలేదు కదా, మొన్నటిదాకా మోసింది కదా" అని ఎవడన్న అంటే వాణ్ని ఆ రోజు లోడ్ కిందికి కూడా రానియ్యడు. వైర్ రోప్‌కు తీగలు తెగినయా, చితికినయా అని లెక్కపెట్టి పక్కన పడేస్తం. కంపెనీ ప్రాణానికి అంత లెక్క చూసేటోళ్లం, మన సొంత ప్రాణం మోసే బండి కాడికి వచ్చేసరికి తెగినంక చూద్దాం అంటున్నం. ఇది పొదుపు అనుకునేటోళ్లతో మాకు అస్సలు కుదరదు. టైరు మార్చేటప్పుడు చక్రం ఎట్లాగు ఊడ్తది. అప్పుడు అరగంట ఎక్కువ, ఒక స్పూనంత పేస్టు. ఖర్చు అంతే.

పేస్టు మాట వచ్చింది కాబట్టి. బేరింగులకు వాడే మామూలు గ్రీసు ఇక్కడ పనికిరాదు, ఎగిరిపోతది, ఎండిపోతది. మోలీ పేస్టు కావాలె, అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్నది. డబ్బా మీద మోలీ అని రాసి ఉంటే చాలదు. మార్కెట్‌లో మోలీ గ్రీసు అని అమ్మేదాంట్లో మోలీ 3 శాతం లెక్కన ఉంటది, అది మన ఎక్స్‌కవేటర్ పిన్నులకు బాగుంటది. హోండా మాన్యువల్ ఈ పళ్లకు అడిగేది 40 శాతం పైన ఉన్న పేస్టు. పలుచగ, ప్రతి పంటికి అందేటట్టు బ్రష్‌తో పెట్టండి. మంచిది కదా అని ముద్దలు పెట్టొద్దు. ఈ క్రూయిజర్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేక్, ఎక్కువైన జిడ్డు అందులోకి చేరితే ఇంకో కష్టం. మళ్లీ బిగించేటప్పుడు కొన్ని హోండా బండ్లకు ఫైనల్ డ్రైవ్ నట్లు లూజుగ ఉంచి, ముందు యాక్సిల్ టైట్ చేసి, తర్వాత ఆ నట్లు బిగించాలె. అట్లయితే పళ్లు సూటిగ కూసుంటయి. వంకరగ కూసున్న పళ్లు ఎంత మంచి పేస్టు పెట్టినా అరుగుతయి. మాన్యువల్‌లో వరుస చూసి చెయ్యండి.

బీఎండబ్ల్యూ కొనేటోళ్లకు ఒక మాట. ఒంటిచేతి వెనక భాగం ఉన్న బండ్లల్ల చక్రం నేరుగ ఫైనల్ డ్రైవ్‌కు బోల్టులతో బిగుస్తది, చక్రం కాడ పళ్లు ఉండవు. షాఫ్టు కొసల్లో, గేర్‌బాక్స్‌కు క్లచ్‌కు నడుమ ఉంటయి. క్లచ్ వైపువి చూడాలంటే బండి సగం విప్పాలె. అది సెలవు రోజు మన చెట్టు కింద అయ్యే పని కాదు.

మార్చేటప్పుడు జరిగే మోసాలు రెండు. మొదటిది వెల్డింగ్. "అరిగిన పళ్లు నింపి మళ్లీ గీసి ఇస్తం" అంటరు ఇండస్ట్రియల్ ఏరియాలో కొందరు. పైన చెప్పిన గట్టి పొర వెల్డింగ్ వేడికి పోతది. గీసిన పన్ను చూడ్డానికి కొత్తదే, బలానికి మైనం. మేము సైట్ మీద వెల్డింగ్‌ను రోజూ చూసేటోళ్లం, ఈ పనికి మాత్రం వద్దనే అంటం. రెండోది, ఒక్క ఫ్లాంజ్ మార్చి లోపలి పళ్లు వదిలెయ్యడం. ఫ్లాంజ్ చవక, లోపలిది ఖరీదు, దాన్ని మారిస్తే గేర్ల సందు షిమ్ములతో మళ్లీ సెట్ చెయ్యాలె, అందుకే మెకానిక్‌లు దాన్ని దాటేస్తరు. లోపలి పళ్లకు గోరు ఆగకపోతే ఫ్లాంజ్ ఒక్కటే వేసుకోండి, తప్పులేదు. మెట్టు పడి ఉంటే మాత్రం కొత్త ఫ్లాంజ్ కొన్నాళ్లకే ఆ పాత దాని ఆకారం పట్టుకుంటది, పైసలు రెండుసార్లు పోతయి. అటువంటప్పుడు షార్జా స్క్రాప్‌లో అదే మోడల్ ఫైనల్ డ్రైవ్, ఫ్లాంజ్ రెండూ ఒకే బండివి జతగ దొరికితే మేలు. స్క్రాప్‌ది కూడా కడిగి, గోరు పెట్టి చూసినంకనే పైసలు ఇయ్యండి.

కొనేటోళ్లు ముందే అడగండి: "చక్రం విప్పి చూస్తం, పని మాదే, మళ్లీ బిగించి ఇస్తం." ఒప్పుకుంటే సగం నమ్మొచ్చు. "అవసరం లేదు భాయ్, బండి సూపర్" అన్నోడి కాడ బేరం ఆడకుండ తిరిగి రండి. సరిగ విప్పే ధైర్యం లేనోళ్లు మాకు చెప్పండి, యాక్సిల్‌కు సరిపోయే పానా, బ్రేక్ క్లీనర్, పేస్టు మా దగ్గర ఉన్నయి. ఒక సబ్బు బిళ్ల మీరు తెచ్చుకోండి.